గడప కోర్సు

“ఆ నిద్రపోయిన పిల్లవి నువ్వే కదమ్మా?”

మామయ్య గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది. నేను ఒక చెప్పు విప్పి రెండోది విప్పబోతూ, గుమ్మంలో కొంగలా ఒంటికాలి మీద ఆగిపోయాను. చేతిలో సంచి, సంచిలో దారిలో కొన్న కాఫీ కప్పుల జత. ఒక్కో కప్పు మీద సగం పడవ బొమ్మ ఉంది. పక్కపక్కన పెడితే పడవ పూర్తవుతుంది. బస్సులో వచ్చినంతసేపూ వాటిని కాగితంలోంచి తీసి చూసుకుంటూ, మళ్ళీ చుట్టుకుంటూ వచ్చాను.

“ఏ నిద్ర, మామయ్యా?”

“నీలం రంగు నిద్ర.”

అప్పుడు చూశాను గోడని. భోజనాల బల్ల వెనక గోడ బోసిగా ఉంది. చార్టు ఉండే చోట సున్నం కొంచెం తెల్లగా, పలకలా మిగిలింది. చార్టు మామయ్య ఒళ్ళో చుట్టగా ఉంది.

ఆ చార్టు నేను ఈ ఇంటికి రాకముందు నుంచీ అక్కడే ఉంది. మా ఆయన పుట్టకముందు నుంచీ ఉందంటారు అత్తయ్య. మామయ్య కాలేజీలో కంప్యూటర్ సైన్సు డిపార్ట్‌మెంటులో చేరిన కొత్తలో తన చేత్తో గీసిన డిగ్రీ పటం అది. కింద మొదటి ఏడాది గళ్ళు, పైన కొసన చివరి ఏడాది ప్రాజెక్టు. ఏది పాసైతే ఏది చదవొచ్చో చెప్పే బాణాలు మధ్యలో. రెండో ఏడాది మొదట్లో ఆ బాణాలన్నీ ఒకే ఒక గడిలోంచి దూరి వెళ్ళాలి. డిస్క్రీట్ మాథ్స్, అంటే కంప్యూటర్ల వెనకుండే లెక్కలు. మామయ్య చెప్పే కోర్సు.

అది పాసవకపోతే అల్గారిథమ్స్‌లో కూర్చోనివ్వరు. అల్గారిథమ్స్ లేకపోతే కంపైలర్స్ లేదు, అది లేకపోతే ప్రాజెక్టు లేదు, ప్రాజెక్టు లేకపోతే పట్టా లేదు. ఆ కోర్సు ఏడాదికి ఒక్కసారే పెడతారు కాబట్టి తప్పినవాడికి ఏడాది పోయినట్టే. మేం చదివే రోజుల్లో దాన్ని గడప అనేవాళ్ళం. మామయ్యని గడప మాస్టారు అనేవాళ్ళం. ఆయనకి కోడలినవుతానని అప్పుడు కలగన్నానా ఏమైనా? నేను చేరకముందే అక్కడ చదువు ముగించిన మా ఆయన, ఇప్పుడు అదే డిపార్ట్‌మెంటులో పాఠాలు చెప్తున్నారు.

“పొద్దున మీటింగులో మీ ఆయన ఒక కథ చెప్పాడు” అన్నారు మామయ్య. “కొత్త సిలబస్ మీటింగు. వాడి ప్లానులో నా కోర్సుకి గడి లేదు. చదివితే చదవొచ్చు, లేకపోతే లేదు. సరే, అది వాదన. వాదించుకుందాం అనుకున్నాను. వాడు వాదించలేదు. కథ చెప్పాడు.”

నేను సంచిని ఇంకో చేతిలోకి మార్చుకున్నాను.

“‘మన పూర్వ విద్యార్థిని ఒకామె’ అన్నాడు. ‘మాస్టారు బోర్డు మీద పటం గీసి, పక్కపక్క ప్రాంతాలకి ఒకే రంగు పడకుండా నింపండి అంటున్నారు. ఈమె నిద్రపోతోంది. చివరి ప్రాంతానికి ఏ రంగని ఈమెనే అడిగారు. పక్కనున్న పిల్ల డొక్కలో పొడిస్తే, కళ్ళు తెరవకుండానే నీలం అంది. అదే సరైన జవాబు. నిద్రలో పాసయ్యే కోర్సుని గడప అని నిలబెట్టి పిల్లల ఏళ్ళు తినేస్తున్నాం’ అన్నాడు. అందరూ ఒకటే నవ్వు. హెడ్డు మేడం అయితే కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంది.”

“మీరు?”

“నేనూ నవ్వాను. నలుగురిలో నవ్వకపోతే బాగుండదు కదా.”

ఆయన ఒళ్ళో చార్టుని అటొకసారి ఇటొకసారి దొర్లించారు.

“నువ్వు కళ్ళు మూసుకుని ఆలోచిస్తున్నావనుకున్నానమ్మా, ఇన్నేళ్ళూ. క్లాసంతా బోర్డు వైపు వెర్రిచూపులు చూస్తుంటే, ఒక్క పిల్ల కళ్ళు మూసుకుని పటమంతా తలలో పెట్టుకుందే అనుకున్నాను. వీడికి సంబంధాలు చూస్తున్నప్పుడు నాకు గుర్తొచ్చిన మొదటి మొహం అదే. కళ్ళు మూసుకున్న మొహం.”

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండో చెప్పు ఇంకా కాలికే ఉంది.

వంటింట్లోంచి అత్తయ్య వచ్చారు. ఆవిడ కళ్ళద్దాల దుకాణంలో చూపు పరీక్ష చేస్తారు. ఇంట్లో కూడా ఎవరి మొహమైనా, ఇప్పుడు కనిపిస్తోందా, ఇప్పుడు కనిపిస్తోందా అన్నట్టే చూస్తారు.

“లోపలికి రానివ్వండి పిల్లని. ఎండన పడి వచ్చింది.”

“నేనేం ఆపలేదే.”

“మీరు ఆపకపోవడమేమిటి, అదే కదా మీ ఉద్యోగం” అన్నారు అత్తయ్య.

అప్పుడే బయట స్కూటర్ ఆగింది. ఆ చప్పుడు వింటే పెళ్ళయిన ఈ రెండు నెలలుగా నాకు కాళ్ళు నేల మీద నిలవవు. మా ఆయన స్కూటర్ ఆపాక కూడా ఇంకొక్కసారి హారన్ నొక్కుతారు, నా కోసమే. ఇవాళ కూడా నొక్కారు.

మొట్టమొదటిసారి నేను ఎదురు వెళ్ళలేదు.

“ఏంటి, అందరూ గుమ్మంలోనే సభ పెట్టారు?” అంటూ హెల్మెట్ చేత్తో పట్టుకుని వచ్చారు. నా సంచిలోకి తొంగిచూసి, “ఓహో, కప్పులు! నాకు ముందు సగమా, వెనక సగమా?” అన్నారు. ఆ తర్వాత గోడ చూశారు. నవ్వు ఆగింది.

“నాన్నా, ఎవరి పేరూ చెప్పలేదు నేను.”

“చెప్పక్కర్లేదురా. నా క్లాసులో నిద్రపోయినవాళ్ళు బోలెడుమంది. నీలం అన్నది ఒక్కతే.”

నేను మా ఆయన్నే చూస్తున్నాను. ఆ కథ ఎక్కడ చెప్పానో నాకు బాగా గుర్తు. మేడ మీద తడి దుప్పటి చెరో కొస పట్టుకుని పిండుతున్నాం. నేను ఎడమకి తిప్పితే ఆయన కుడికి. కథ నీలం దగ్గరికి వచ్చేసరికి ఆయన నవ్వి నవ్వి దుప్పటి వదిలేశారు. అది మట్టిలో పడింది. మళ్ళీ ఉతికాం. పెళ్ళయ్యాక మేమిద్దరం కలిసి చేసిన పనుల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఆ రెండోసారి ఉతకడం.

“మిగతా సగం చెప్పారా?” అన్నాను.

“ఏ సగం?”

“బస్‌స్టేషను సగం.”

ఆయన హెల్మెట్ పట్టీని వేలికి చుట్టుకున్నారు. “టైము లేకపోయింది.”

“నవ్వు వచ్చేదాకా ఉన్న టైము, నవ్వాక లేకపోయిందా?”

“ఏమిటమ్మా బస్‌స్టేషను?” అన్నారు మామయ్య.

నేను చెప్పాను. కాళ్ళకి సగం చెప్పులతో, అక్కడే నిలబడి చెప్పాను. నేను నగర బస్సుల ఆఫీసులో ప్రోగ్రాములు రాస్తాను. చేరిన కొత్తలో ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీద ఆగాలో తేల్చమని నాకిచ్చారు. ఒకే వేళకి ఉండే రెండు బస్సులు ఒకే చోటికి రాకూడదు. ఎన్ని రకాలుగా రాసినా ఎక్కడో రెండు ఢీకొనేవి. ఉద్యోగం పోతుందనుకున్నాను. ఒక మధ్యాహ్నం స్టేషను మెట్ల మీద టీ తాగుతూ బస్సుల్ని చూస్తూ కూర్చుంటే, ఉన్నట్టుండి బస్సులన్నీ పటంలో ప్రాంతాల్లా, ప్లాట్‌ఫారాలు రంగుల్లా కనిపించాయి. పక్కపక్కవాటికి ఒకే రంగు పడకూడదు. టీ పారబోసి ఆఫీసుకి పరిగెత్తాను.

“నిద్రలో విన్నది మెలకువలో అర్థమైంది, అందుకే ఆ కోర్సుకి దణ్ణం పెట్టుకున్నాను అని చెప్పాను. ఈయనకే చెప్పాను. దుప్పటికి క్లిప్పులు పెడుతూ.”

మామయ్య చార్టు దొర్లించడం ఆపారు. తర్వాత, “ఇది నాకెందుకు చెప్పలేదమ్మా?” అన్నారు.

“చెప్పాలంటే ముందు నిద్ర సంగతి చెప్పాలి కదా, మామయ్యా.”

అత్తయ్య పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఇంకో రోజైతే నలుగురం పడీపడీ నవ్వేవాళ్ళం.

“చూడు” అన్నారు మా ఆయన నాతో, బతిమాలుతున్నట్టు. “నీకు అర్థమైంది ఎప్పుడు? పని చేతిలో పడ్డాక. నేనంటున్నదీ అదే. మొదటి ఏడాదిలోనే పిల్లల చేత ఏదో ఒకటి తయారు చేయిద్దాం. అది కదిలితే, మోగితే, వెలిగితే మురిసిపోతారు. ఎందుకు వెలిగిందో వాళ్ళే వచ్చి అడుగుతారు. అప్పుడు చెప్దాం ఈ లెక్కలు.”

“అడగకపోతే?” అన్నారు మామయ్య.

“అడుగుతారు.”

“అడగరురా. వెలిగాక ఎవరడుగుతాడు? ఆరిపోయాక అడుగుతారు. అప్పటికి మనం దగ్గర ఉండం. ఈ పిల్లకి ఆ మెట్ల మీద ఎవరున్నారు చెప్పడానికి? ముందే చెవిలో పడి ఉంది కాబట్టి సరిపోయింది.”

“చెవిలో పడటానికి కోర్సు పెట్టుకోండి, ఎవరు కాదన్నారు? గేటు ఎందుకు? దానికి తాళం ఎందుకు?” ఆయన గొంతు మొదటిసారి లేచింది. “ఆ తాళం దగ్గర నిలబడినవాణ్ణి నేను. మీకు గుర్తుందో లేదో.”

“గుర్తుంది.”

“ఒక్క మార్కు, నాన్నా. ఒక్క మార్కుకి ఏడాది. నావాళ్ళంతా ముందుకెళ్ళిపోయారు. నేను వెనక బ్యాచ్ పిల్లల పక్కన మళ్ళీ మీ క్లాసులోనే కూర్చున్నాను. ఇంటికొచ్చి ఇదే బల్ల దగ్గర మీ ఎదురుగా తిన్నాను. మీ తల వెనక ఈ చార్టు. ముద్ద నోట్లో పెట్టుకోడానికి తల ఎత్తితే అదే కనిపించేది.”

మామయ్య చార్టుని గట్టిగా పట్టుకున్నారు.

నాకు మాత్రం ఆ మాటల్లో ఒక్కటే వినిపించింది. ఏడాది.

“ఆ ఏడాది కామెర్లు కదా?” అన్నాను.

మా ఆయన హెల్మెట్ పట్టీని మళ్ళీ వేలికి చుట్టుకున్నారు.

“కామెర్లొచ్చి చదువు ఒక ఏడాది ఆగిందన్నారు కదా?” అత్తయ్య వైపు తిరిగాను. సంబంధం మాట్లాడుకున్న రోజు ఆ మాట చెప్పింది ఆవిడే. “లివరు నాజూకు, నూనె పడదు, నువ్వే జాగ్రత్తగా చూసుకోవాలమ్మా అన్నారు.”

చూపు పరీక్ష చేసే అత్తయ్య, నా చూపు తప్పించుకున్నారు.

రెండు నెలలు. ఉడకబెట్టిన బీరకాయ, ఉడకబెట్టిన సొరకాయ, ఉడకబెట్టిన నానా గడ్డీ. పప్పులో పోపుకి కూడా నూనె చుక్కలు లెక్కపెట్టి వేశాను. ఆయనకి లేనిది నాకెందుకని నేనూ అదే తిన్నాను. అదే నా గొప్ప ప్రేమ అనుకుని, ఆఫీసులో స్నేహితురాళ్ళకి చెప్పుకుని మురిసిపోయాను కూడా. ఆయన ప్రతి రోజూ బుద్ధిగా తిని, “అద్భుతం” అనేవారు.

“ఎలా తిన్నారండీ?” అన్నాను. ఏడుపు రాలేదు, అది అడగాలనిపించింది. “అన్నాళ్ళు ఆ సొరకాయ ఎలా తిన్నారు?”

“నువ్వు అంత ఇష్టంగా వండుతుంటే...”

“మీరు అంత ఇష్టంగా అబద్ధం తిన్నారు.”

“ఫెయిలయ్యానని చెప్తే నువ్వు...”

“నేను? నిద్రపోయి నీలం అన్నదాన్ని! నాకు చెప్పడానికి సిగ్గా? నా గుట్టేమో నలుగురిలో పెట్టి నవ్వించారు, మీ గుట్టేమో రోగం కింద దాచారు.”

సంచి, రెండో చెప్పూ అక్కడే వదిలి వంటింట్లోకి వెళ్ళిపోయాను. ఏం చేయాలో తోచక బంగాళాదుంపలు తరిగాను. మూకుడు పొయ్యి మీద పెట్టి, అత్తయ్య చూస్తుండగానే నూనె సీసా వంచాను. వంచి, అలాగే ఉంచాను. ముక్కలు మునిగేదాకా.

“పెళ్ళి తప్పిపోతుందని భయపడ్డానమ్మాయ్” అన్నారు అత్తయ్య వెనకనించి. “మాస్టారి కొడుకు మాస్టారి పాఠంలోనే తప్పాడంటే నవ్విపోరూ?”

“ఊరంతటికీ తెలిసి నవ్వితే ఫరవాలేదు అత్తయ్యా. నాకొక్కదానికీ తెలియకుండా నేను నవ్వుతూ తిరిగాను చూడండి, అదీ...” నూనె చిటపటలాడింది.

ఆవిడ గట్టు మీద చెయ్యి ఆనించి నిలబడ్డారు. “ఆ ఏడాది నేను మీ మామయ్యతో మాట్లాడలేదు. ఒక్క మార్కు, సొంత కొడుకు. వెయ్యమని కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. ‘వీడికి వేస్తే అందరికీ వెయ్యాలి’ అన్నారు. ఇంట్లో ఉప్పు అయిపోయిందని కూడా కాగితం మీద రాసి పెట్టేదాన్ని.”

వేగిన ముక్కలు పళ్ళెంలో పోసి తెచ్చి బల్ల మీద పెట్టాను. ఎవరూ ముట్టుకోలేదు. మా ఆయన వాటిని ఆశగా చూశారు. ఆ చూపు చూసి నాకు ఇంకా ఒళ్ళు మండింది.

అప్పుడు బల్ల మీద ఆయన ఫోను మోగింది. హెడ్డు మేడం. ఆయన కదలలేదు. మోగి మోగి ఆగిపోయేలా ఉంటే నేనే తీశాను.

“ఆయన లేరా అమ్మా? ఏం లేదు, సోమవారం కొత్త సిలబస్ మీద ఓటింగు కదా. బయటి నుంచి వచ్చే సభ్యులకి ఆ కథ తెగ నచ్చేసింది. ఆ నిద్రపోయిన అమ్మాయిని ఒకసారి పిలిపించండి, ఆవిడ నోటితోనే విని ఓటేస్తాం అంటున్నారు. ఎవరో ఆయనకే తెలుసట.”

“నేనే మేడం” అన్నాను.

“మాస్టారి కోడలివా?”

“అవును మేడం.”

“అయ్యో... సరే. వస్తావా మరి?”

“ఒక్క నిమిషం, మేడం.”

ఫోను బోర్లా బల్ల మీద పెట్టాను.

“నన్ను సోమవారం రమ్మంటున్నారు.”

“వెళ్ళి ఏం చెప్తావు?” అన్నారు మా ఆయన.

“రెండు సగాలూ.”

“అయితే నా ప్లాను మునిగినట్టే.”

“ఒక్క నిజానికి మునిగే ప్లాను అయితే మునగనివ్వండి.”

ఆయన కుర్చీ లాక్కుని కూలబడ్డారు. జాలేసింది. జాలేసినందుకు నా మీద నాకే కోపం వచ్చింది. మామయ్య సంతోషిస్తారనుకుని అటు తిరిగాను. ఆయన చార్టుని బల్ల మీద పెట్టి, రెండు చేతులూ దాని మీద ఆనించారు.

“నువ్వు వెళ్ళొద్దమ్మా.”

“మీ కోర్సు నిలబడుతుంది, మామయ్యా!”

“నిలబడదు. నిజమంతా చెప్తే నిలబడదు. నీకు తెలియని ముక్క ఇంకోటుంది.” ఆయన నావైపు కాదు, బోసిగోడ వైపు చూస్తూ మాట్లాడారు. “నువ్వు ఆ కోర్సు పాసవలేదు. ఒక్క మార్కు తగ్గింది. ఆ మార్కు నేను వేశాను.”

ఏమన్నారో అర్థమయ్యేలోపే కుర్చీ జరిగిన చప్పుడు. మా ఆయన లేచి నిలబడ్డారు.

“ఎవరికి వేశారు?”

“ఈ పిల్లకి. ఈ పిల్లకి ముందూ, తర్వాతా. ఒక్క మార్కు దగ్గర ఆగిపోయిన ప్రతివాడికీ.” మామయ్య కొడుకు వైపు తిరిగారు. “నీ తర్వాత నేనెవర్నీ ఒక్క మార్కుతో ఆపలేకపోయానురా. పేపరు దిద్దడానికి పెన్ను తీస్తే, నువ్వు ఈ కుర్చీలో తలొంచుకుని తింటూ కనిపించేవాడివి. చెయ్యి దానంతటదే మార్కు వేసేది. మీటింగుల్లో మాత్రం గడప, గడప అని అరుస్తూనే ఉన్నాను. గడప ఎప్పుడో అరిగిపోయింది. నాకొక్కడికే తెలుసు.”

“నాకు చెప్పలేదే” అన్నారు అత్తయ్య. “ఏడాదంతా నేను మాట్లాడకుండా ఉంటే... ఒక్క మాట చెప్పలేదే మీరు.”

“ఏమని చెప్పను? వాడికి వెయ్యనిది ఊళ్ళోవాళ్ళందరికీ వేస్తున్నాననా?”

మా ఆయన నవ్వారు. దుప్పటి వదిలేసిన రోజు నవ్వు కాదు అది.

“అందరికీ తెరిచారన్నమాట. నాకు మూసిన తలుపు.” నన్ను చూశారు. “నీకు కూడా. నా మార్కు నీకొచ్చింది.”

ఏం చెప్పాలి? ఆ పట్టా చూపించే ఉద్యోగం తెచ్చుకున్నాను. ఆ కళ్ళు మూసుకున్న మొహంతోనే ఈ ఇంటికి కోడలినయ్యాను. నాది అనుకున్నదేదీ సరిగ్గా నాది కాదని తెలిసిన నిమిషం, పక్కన బల్ల మీద చిన్న దగ్గు వినిపించింది.

నలుగురం ఫోను వైపు చూశాం.

“హలో...” ఫోను బోర్లా ఉన్నా మాట స్పష్టంగా వినిపిస్తోంది. “అమ్మాయ్... నువ్వు ఒక్క నిమిషం అన్నావు. నేను లైన్లోనే ఉన్నాను.”

నేను చెయ్యి చాచేలోపే మామయ్య దాన్ని తీసుకున్నారు. తీసి చెవి దగ్గర పెట్టుకోలేదు, అందరికీ వినపడేలా అరచేతిలో పట్టుకున్నారు.

“విన్నారా మేడం?”

“విన్నాను, మాస్టారూ.” ఆవిడా ఒకప్పుడు ఆయన క్లాసులో కూర్చున్నదే. “నేను విన్నట్టు ఉంటే పాత మార్కులన్నీ తిరగదోడాలి. మీ ఉద్యోగం, ఈ పిల్లల పట్టాలు... విననట్టు ఉండాలంటే ఉంటాను. ఏం చెయ్యమంటారో మీరే చెప్పండి.”

మామయ్య ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నారు. నిద్రలో కాదు.

“నన్ను కాదు మేడం” అన్నారు. “ఆ మార్కు ఎవరికి రాలేదో, వాణ్ణి అడగండి.”

ఫోను మా ఆయన చేతిలో పెట్టేశారు.